ఉగ్గాని: సరిహద్దు దాటొచ్చిన తిరగవాత

 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను మనకిచ్చి, బళ్లారిని మైసూరులో కలిపిందీ ఆనాడే. ఆ గీత పడకముందు అటూ ఇటూ జనం ఎంతగా కలిసి బతికారో చెప్పే సాక్ష్యం దస్తావేజుల్లోనే కాదు, రాయలసీమలో వేంపల్లె నుంచి ఆదోని దాకా పొద్దున పూట మనం తినే బొరుగుల వంటకం ఉగ్గాని పేరులోనూ ఉంది.

ఆ కలయిక చాలా పాతది. విజయనగర రాజధాని హంపి వీధుల్లో కన్నడం, తెలుగు కలిసి వినిపించాయి. కన్నడ నేల మీద కొలువుదీరిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను తెలుగులో రాశాడు.  1800లో నిజాం రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేసుకున్నాక కడప, బళ్లారి రెండూ థామస్ మన్రో అనే ఒకే కలెక్టరు ఏలుబడిలోకి వచ్చాయి. అవి వేర్వేరు జిల్లాలైంది 1808లో.

ఇక ఉగ్గాని సంగతి. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, పొట్టు తీస్తారు. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, బట్టీలో కాగిన ఇసుకలో వేస్తే క్షణాల్లో బొరుగులై పొంగుతాయి. ఇంట్లో వాటిని నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. ఆలస్యమైతే ముద్దయిపోతాయి. నూనెలో ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు వేగాక పసుపు వేసి, బొరుగులు కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండాలి. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే.

ఇంతా చేస్తే పేరులో బొరుగుల ఊసే లేదు. కన్నడంలో తిరగవాతను ఒగ్గరణె అంటారు. బళ్లారి, దావణగెరె వైపు ఈ వంటకం మండక్కి ఒగ్గరణె. మండక్కి అంటే మన బొరుగులే. ఇటు వచ్చేసరికి మండక్కి జారిపోయింది, ఒగ్గరణె మన నోట ఉగ్గాని అయింది.

పొరుగువాళ్ల మధ్య పుట్టిన ఇలాంటి పేరే బ్రిటన్‌లోనూ ఒకటుంది. కాల్చిన రొట్టె మీద కరిగించిన జున్ను పోసి తినే వంటకాన్ని ఇంగ్లీషువాళ్లు ‘వెల్ష్ ర్యాబిట్’ అన్నారు, అంటే వేల్స్ కుందేలు. అందులో కుందేలు మాంసం రవ్వంత కూడా ఉండదు. కాల్చిన జున్నంటే వేల్స్ జనానికి ప్రాణం. వాళ్ల భాషలో దాని పేరు ‘కౌస్ పోబి’. 1526లో లండన్‌లో అచ్చయిన ఒక కథల పుస్తకంలో దీని మీద ఓ కథ ఉంది. స్వర్గంలో వేల్స్ వాళ్ల గోల భరించలేక, పీటర్ అనే ద్వారపాలక సాధువు వాకిలి బయటికెళ్లి ‘కౌస్ పోబి’ అని గట్టిగా అరిచాడట. జున్ను కోసం అందరూ బయటికి పరుగెత్తగానే తాను లోపలికొచ్చి గడియ పెట్టేశాడట! ఆ వెక్కిరింతల వరసలోనే కుందేలు పేరూ పుట్టింది. అది 1725 నాటికే రాతలో కనిపిస్తుంది. 1747లో హన్నా గ్లాస్ వంటల పుస్తకంలోకీ ఎక్కింది. ఆ శతాబ్దం చివర్లో ఎవరికో ఆ పేరు తప్పనిపించి, ‘అరుదైన ముక్క’ అనే అర్థం వచ్చేలా ‘రేర్‌బిట్’గా దిద్దారు. దిద్దిన పేరే హోటళ్లలో నిలిచింది. ఎగతాళిని తట్టుకున్న ఒక జాతి కథ ఆ దిద్దుబాటు కింద మరుగునపడింది.

మన ఉగ్గానికీ ఇప్పుడు ఆ దిద్దుబాటే మొదలైంది. నగరాల హోటళ్లలో అది ‘బొరుగుల ఉప్మా’, ‘పఫ్డ్ రైస్ ఉప్మా’ అవుతోంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి చదువుకోవడానికొచ్చే కోస్తా పిల్లలకు బొరుగులంటే మరమరాలు. వాళ్లు ఉగ్గాని అంటే ఏమిటని అడిగితే సంతోషంగా చెప్పాలి. అంతేగానీ వాళ్ల కోసం పేరు మార్చనక్కర్లేదు. ఉప్మా అంటే వంటకం ఏమిటో తెలుస్తుంది. ఉగ్గాని అంటే మనం ఎవరి పక్కన బతికామో తెలుస్తుంది. హోటలువాళ్లకు నా విన్నపం ఒక్కటే: వివరం కింద రాసుకోండి, పేరు మాత్రం ఉగ్గాని అనే ఉంచండి.