మోటుపల్లి రేవుకు తగిన ఓడ

గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు పండించు గృహస్థులకు ఓడల మాట దూరపు ముచ్చటగా తోచవచ్చును. కాని బండి కట్టించుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. దారి ఎట్టిది, మోయవలసిన బరువెంత, తోలువారెందరు అని విచారించి గాని వారు వడ్రంగిని పిలిచెడివారు కారు. ఓడను ఎన్నుకొనుటలోని విచారణయు అట్టిదే. చీరాలకును ఒంగోలునకును నడుమ కడలి యొడ్డున నున్న మోటుపల్లిని ఎదుట నుంచుకొని ఆ విచారణను శ్రోతలతో కలిసి చేయ దలచితిమి.

ఈ కాలమున విహారమునకై దూరసముద్రములకు పోవువారిలో పలువురు మధ్యమ ప్రమాణముగల 'కట్టర్' అను తెరచాప నావను మెచ్చుకొందురు. నిడివి నలువది అడుగులకు అటునిటుగా నుండును. తెరచాపకొయ్య ఒక్కటే. దాని వెనుక పెద్దచాప, ముందువైపున ఒకదాని వెనుక నొకటిగా రెండు ముక్కోణపు చాపలు. ముందున్న పనిని రెండు చాపలు పంచుకొనుటచే ఒక్కొక్కదాని బరువు తగ్గును. నావలో ఇద్దరే యున్నను సంబాళించుకొనవచ్చును. గాలి హెచ్చినచో వెలుపలి చాపను చుట్టివేసి, పెద్దచాపను కొంత మడిచి కట్టి, లోపలి చిన్నచాపతో నావను అదుపులో నుంచుకొందురు. దోషమును లేకపోలేదు. గాలికెదురుగా నావను మలుపు తిప్పునపుడెల్ల వెలుపలి చాప లోపలి త్రాటికి తగుల్కొని విసిగించును. ఇక నావ నీటిలో మునుగు లోతు ఐదారడుగులు. మన తీరమున అసలు ప్రశ్న ఈ లోతే.

నిజాంపట్నము మొదలుకొని కొత్తపట్నము వరకు ఒడ్డు పల్లముగా, ఇసుకమయముగా నుండును. ఓడను గట్టునకు ఆనించుటకు తగిన సహజమైన లోతురేవు లేదు. కావున పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసి నిలుచుట, సరకులను చిన్న పడవలు మోయుట పూర్వాచారము. కోరమాండల్ తీరమంతట పేరుపొందిన మసూలా పడవలో మేకులుండవు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెదరు. అల కొట్టినపుడు మేకులు బిగించిన పలక పగులును, కుట్టిన పలక వంగి నిలుచును. ఇంతటి తెలివి ఏ ఒక్కరి బుఱ్ఱలోను ఒక్కనాట పుట్టినది కాదు.

ఈ తీరపు నౌకల ప్రాచీనతకు సాక్ష్యములు కలవు. సాతవాహనుల ఓడబొమ్మ నాణెములపై రెండు తెరచాపకొయ్యల నౌక కానవచ్చును. వానిలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములు ప్రసిద్ధములు. మోటుపల్లికి పొరుగున నున్న చినగంజాములోనే ఆయన 27వ పాలనవత్సరపు శాసనము దొరకుట గమనింపదగినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన 'పెరిప్లస్' అను గ్రంథము తూర్పుతీరపు నౌకలను పేర్కొనుచు, ఒంటిమ్రాకులను జతపరచి కట్టిన సంగరములను, స్వర్ణభూమికి పోవు మహానౌకలను వేరువేరుగా చెప్పినది. ఏ దారికి ఏ ఓడ యను వివేకము నాటికే యుండెనన్నమాట.

ఇక మోటుపల్లి. అచ్చటి వీరభద్రాలయ మండపమున కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన స్తంభశాసనము గలదు. దానిని అభయశాసనమనుట వాడుక. ఆ యక్షరముల ముందు మేము నిలిచినపుడు మమ్ము ఆకర్షించినది రాజు బిరుదావళి కాదు, ఓడ పగిలినవాని గతి. ద్వీపాంతరముల నుండి వచ్చు నౌక తుపానులో చిక్కి, విరిగి, ఒడ్డున పడినచో, పూర్వపు రాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా గైకొనెడివారట. ప్రాణములకంటె ధనము గొప్పదని తలచి సముద్రమున కెక్కువారిపై దయచూపి, నియతమైన సుంకము దక్క తక్కినదంతయు వారిదేయని గణపతిదేవుడు శాసించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకటి. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టునూలు, మిరియములు, పోకలు, వీని కన్నిటికి లెక్కలు చెక్కించెను.

ఒక్క క్షణము ఆ వర్తకుని స్థానమున నిలిచి చూతము. తుపానును తప్పించుకొని ఒడ్డు చేరినవానికి ఒడ్డుననే దోపిడి కాచుకొని యున్నచో, ఎంత గట్టి ఓడ కట్టించి ఏమి లాభము? సర్వస్వమును ఒక మహానౌకలో నింపుటకు వాడు జంకును. చాపల గట్టితనమును, కొయ్య ఎత్తును లెక్కించువారు ఈ లెక్కను మరచుట కలదు. మా మట్టుకు, మోటుపల్లి రేవునకు ఆ స్తంభము చేసిన మేలు మంచి లోతురేవు చేయు మేలు కంటె తక్కువ కాదనిపించినది.

ఫలితము త్వరలోనే కానవచ్చినది. ఆ శతాబ్ది చివర మార్కో పోలో ఈ రేవును 'ముత్ఫిలి' యని పేర్కొని, ఇచ్చటి నూలుబట్టలను సాలెగూటితో పోల్చి పొగడెను. ఓడ పొట్టలోనిది మన ప్రత్తియే! కాకతీయుల పిమ్మట రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఇచ్చటనే వర్తకులకు తిరిగి అభయమిచ్చెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఓడవర్తకుడు. ఆ కావ్యమున కప్పలి, జోంగు మొదలైన ఓడల పేర్లు వినబడును. జోంగు తూర్పుసముద్రపు 'జంకు' నౌకయే. కవి నోట పలుకునంతగా ఓడజాతుల భేదము జనమునకు తెలిసియుండెను.

పదునేడవ శతాబ్దమునకు సందడి నిజాంపట్నమునకు మారెను. 1606లో డచ్చివారు వచ్చిరి. 1611లో 'గ్లోబ్' అను ఆంగ్లనౌక వచ్చి అచ్చట లంగరు వేసి, మచిలీపట్నమునకును, తరువాత మలయాద్వీపకల్పమందలి పటానీకిని సాగిపోయెను. వారు కోరినది చిరివేరు ఎఱుపు పట్టిన నూలుబట్టలు. నేడు మనకు ఎఱుపన మిరపపండు మెదలును గాని, ఆ మిరప కూడ అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసు ఓడలపై భారతదేశము చేరినదే.

యాత్రకు ఓడ ఎంత ముఖ్యమో నెల అంత ముఖ్యము. ఈశాన్యపు గాలుల వేళ ఈ తీరమున నిలుచుట ప్రమాదమని ఎఱిగిన కప్పితానులు అక్టోబరు నడుమకే లంగరెత్తుటకు త్వరపడెడివారు. వారి భయము ఉత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను, బాపట్ల తీరమును ఏమి చేసెనో మన యిండ్లలో నింకను చెప్పుకొందురు.

ఇటీవలి ముచ్చట ఒకటి. 2017 సెప్టెంబరులో గోవానుండి 'తారిణి' యను ఒంటికొయ్య తెరచాప నావలో ఆరుగురు నౌకాదళపు స్త్రీలు భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. నిడివి సుమారు 55 అడుగులు. వారిలో విశాఖపట్నపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవులను చూచి తిరిగి వచ్చుచుండగా హిందూమహాసముద్రమున చుక్కాని యంత్రము చెడెను. ముందు అనుకొనని రేవైన మారిషస్ పోర్ట్ లూయీలో నావను ఆపి, బాగుచేయించుకొని, 2018 మే నెలలో గోవా చేరిరి. ఆ వార్తను చదివిననాడు మాకు మోటుపల్లి స్తంభమే జ్ఞాపకము వచ్చినది.