గ్రామీణ స్వయం ఉపాధి : అప్పు నుండి పొదుపు వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే కనిపించింది. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో మొదట పంచాయతీ సమితి ఆఫీసులోను, తరువాత మండల పరిషత్తు ఆఫీసులోను గుమాస్తాగా పనిచేశాను. ఆ కాలంలో నా బల్ల మీద ఎక్కువగా నడిచినవి, పల్లెల్లోని పేదలకు చిన్న చిన్న వ్యాపారాలు, చేతి పనులు కల్పించే పథకాల ఫైళ్ళే. వాటి చరిత్రను నేను చూసినంత మేరకు మనవి చేస్తాను.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. రోడ్లు, బావులు, మేలురకం విత్తనాలు, బడి గదులు దాని ముఖ్య లక్ష్యాలు. 1957లో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఏర్పడింది. అయితే భూమి లేని కూలివానికి స్వంతంగా ఏదైనా పెట్టుకుందామంటే పెట్టుబడి ఇచ్చే దిక్కు వడ్డీ వ్యాపారి తప్ప మరొకరు లేరు. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేయడం, 1975 అక్టోబరు 2న గ్రామీణ బ్యాంకులు మొదలు కావడం – ఈ రెండింటితో బ్యాంకు అనే మాట పల్లె గడప తొక్కింది.

ఆ తరువాత వచ్చినదే సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం. మనందరి నోళ్ళలో నానిన పేరు ఐ.ఆర్.డి.పి. 1978-79లో కొన్ని బ్లాకులలో మొదలై, 1980 అక్టోబరు 2 నుండి దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించింది. ఏటా ఒక్కొక్క బ్లాకులో 600 కుటుంబాలకు సహాయం చేయాలని ఆరవ ప్రణాళిక లక్ష్యం. చిన్న రైతులకు యూనిట్ ఖరీదులో నాలుగవ వంతు, సన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీలకు, చేతిపనివారికి మూడవ వంతు, గిరిజనులకు సగం సబ్సిడీ. మిగిలినది బ్యాంకు అప్పు. అంటే యూనిట్ ఖరీదు 3,000 రూపాయలైతే, కూలి కుటుంబానికి వెయ్యి సబ్సిడీ, రెండు వేలు అప్పు. యువకులకు పనులు నేర్పించే ‘ట్రైసెం’ 1979 ఆగస్టు 15న వచ్చింది.

ఉద్దేశం గొప్పదే. దానివల్ల నిలదొక్కుకున్న కుటుంబాలను నేనెరుగుదును. అయితే లక్ష్యం అంకెల్లో ఉండటంతో, మార్చి నెలాఖరుకు అంకె పూర్తి కావడమే మా పని అయిపోయింది. ఏది కొనాలో లబ్ధిదారు కాక జాబితా నిర్ణయించేది. ఆ జాబితాలో పాడి గేదెదే అగ్రస్థానం. కమిటీ సంతకు వెళ్ళడం, కొనడం, చెవికి బిళ్ళ వేయించడం, ఇన్సూరెన్సు కట్టడం – అంతా ఒక వరసలో జరిగిపోయేది.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1983లో ఒక గ్రామం నుండి భర్త లేని కూలి మనిషి ఒకామె వేలిముద్ర వేయడానికి ఆఫీసుకు వచ్చింది. “అయ్యా, నాకు బర్రె వద్దు. సెంటు భూమి లేదు, గడ్డి ఎక్కడ తెచ్చేది? ఇడ్లీ పాత్రలకు, పప్పూ బియ్యానికి ఇప్పించండి. బస్సులు ఆగే కాడ అంగడి పెట్టుకుంటా” అన్నది. చిన్న వ్యాపారాలకు ఆ పథకంలో నిషేధం ఏమీ లేదు. కాని ఆ గ్రామానికి ఆ ఏడు గేదెల జాబితా ఆమోదమైపోయింది. మార్చడమంటే ఫైలు మళ్ళీ మొదటికి వస్తుంది. “ఈసారికి ఇదే తీసుకోమ్మా, పాలు అమ్ముకుంటే అప్పు తీరిపోతుంది” అని నచ్చజెప్పి, ‘లబ్ధిదారు సమ్మతించినది’ అని నోటులో వ్రాశాను.

గేదె కొన్ని నెలలు పాలిచ్చి వట్టిపోయింది. మేత కొనలేక దళారికి అమ్మేసింది. బ్యాంకు నోటీసులు మాత్రం ఆగలేదు. చివరకు 1990 నాటి రుణమాఫీలో ఆ బకాయి పోయింది. మా రిజిస్టరులో మాత్రం ఆమె సహాయం పొందిన కుటుంబమే. ఆమె అడిగినది నేను వ్రాసి ఉంటే మంజూరయ్యేదో లేదో చెప్పలేను. కాని వ్రాయలేదు, అది నిజం.

ఇదిలా ఉండగా 1982లో దేశంలోని 50 జిల్లాలలో ప్రయోగాత్మకంగా ‘డ్వాక్రా’ మొదలైంది. పదిహేను, ఇరవై మంది స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడితే 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండు. కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ తలా అయిదు వేలు. మొదట్లో ఇదీ మరొక పథకంగానే నడిచింది. దానికి ప్రాణం పోసినది ఆఫీసులు కాదు, స్త్రీలే. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలు దిద్దుకున్న మా జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా అంగడిని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం అమలైంది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలసాగింది. రోజుకు ఒక్క రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు మా జిల్లాలో ఊరూరా వెలిశాయి.

లెక్క చూడండి. పదిహేను మంది రోజుకు రూపాయి చొప్పున దాస్తే నెలకు 450 రూపాయలు. ఆ డబ్బులోంచే అవసరమైన వారికి అప్పు, వడ్డీ మళ్ళీ సంఘానికే. ఎవరికి ఏ వ్యాపారం నప్పుతుందో, ఎవరు తీర్చగలరో పక్కింటివారికి తెలిసినంతగా ఏ గుమాస్తాకు తెలుస్తుంది? 1992లో నాబార్డు మొదలుపెట్టిన ఏర్పాటుతో, పొదుపును చూసి హామీ లేకుండా బ్యాంకులు సంఘాలకు అప్పులివ్వసాగాయి. 1999 ఏప్రిల్ 1న ఐ.ఆర్.డి.పి., ట్రైసెం, డ్వాక్రా అన్నీ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయాయి. అయినా మన ఆడవారి నోట డ్వాక్రా అన్న పేరు మాత్రం పోలేదు. 2000లో ‘వెలుగు’ వచ్చి, సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా కూర్చింది.

అప్పు ఎక్కువైనా ప్రమాదమేనని కూడా ఈ చరిత్రే చెబుతుంది. పొదుపుతో పని లేకుండా, ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టి వారం వారం వసూలు చేసిన ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థల వల్ల ఎన్నో కుటుంబాలు నలిగిపోయాయి. ఆత్మహత్యలు కూడా జరగడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

నేను చెప్పిన ఆ మనిషిని 1997లో మళ్ళీ చూశాను. సంఘాల పుస్తకాలు చూడటానికి ఆ ఊరు వెళితే, రిజిస్టరులో ఆమె వేలిముద్రకు బదులు సంతకం ఉంది. సంఘంలో అయిదు వందలు అప్పు తీసుకుని, బస్సులు ఆగే చోట ఇడ్లీ అంగడి పెట్టింది. ఆ అప్పు తీర్చి రెండవది తీసుకున్నది. నన్ను గుర్తుపట్టి, “బర్రె ఇచ్చిన అయ్యగారు కదా!” అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు. నేను తిన్న ఇడ్లీలకు డబ్బిస్తే మొగమాటం లేకుండా తీసుకుని, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

పద్నాలుగేళ్ళ క్రితం అడిగిన అంగడే అది. ఆమెకు ఏం కావాలో ఆమెకు అప్పుడే తెలుసు. తెలియనిది మాకే.

సోదర పెన్షనర్లకు ఒక్క మనవి. మన ఊళ్ళలో సంఘాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. చాలా చోట్ల వారికి కావలసినది పుస్తకాలు సరిగా వ్రాసి, పాసు పుస్తకంతో సరిచూసి పెట్టే మనిషి. జీవితమంతా లెక్కలు వ్రాసిన చేతులు మనవి. వారానికి ఒక పూట వెళ్ళి కూర్చుంటే చాలు. అయితే వెళ్ళినవాళ్ళం ముందు వారు చెప్పేది విందాం. విన్నది విన్నట్లు వ్రాద్దాం.