పెడల్ గట్టిపడేదాకా

శనివారం పొద్దున్న ఆరున్నర. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో అన్న ఇంటి గరాజ్ తలుపు సగమే లేచి ఉంది, వంగి లోపలికి రండి. సిమెంటు నేల చల్లగా ఉంది. అట్టపెట్టె ముక్క పరిచాం, దానిమీద కూర్చోండి. ఎదురుగా నాలుగు స్టాండ్ల మీద, చక్రాలు లేకుండా, ఎర్రటి చిన్న కారు. 1990 నాటి మజ్డా మియాటా. 1.6 లీటర్ల ఇంజను, రెండే సీట్లు, వెయ్యి కిలోల లోపు బరువు.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. వాళ్ల నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. అన్నకి వారమంతా సాఫ్ట్‌వేర్, సెలవొస్తే పానాలు.

పోయిన నెల లగూనా సెకా ట్రాక్ మీద జరిగింది ఇంకా నా కాలికి గుర్తుంది. స్ట్రెయిట్ అయిపోయి రెండో మలుపు వస్తుంది, ఆండ్రెట్టి హెయిర్‌పిన్ అంటారు. వేగమంతా అక్కడ వదిలెయ్యాలి. ఎనిమిదో రౌండులో తొక్కితే బ్రేకు పెడల్ నానిన స్పాంజిలా కిందికి దిగిపోయింది. రెండోసారి తొక్కితే పట్టింది. బ్రేకు ఆయిల్ మరిగింది. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి బుడగలు కుంచించుకుంటాయి. మన కాలి బలమంతా ఆ బుడగల్లోనే ఆగిపోతుంది, డిస్కుని పట్టి ఆపే ప్యాడ్ల దాకా చేరదు.

ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్లు పెద్ద రేసింగ్‌వి కొందామన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. "బరువు పెంచేసి బ్రేకు బాగుచేశానంటే ఎట్లా తమ్ముడూ?" నిజమే. ఈ కారు తయారుచేసిన తొషిహికో హిరాయ్ బృందం రౌతూ గుర్రమూ ఒకటే అన్నట్టు నడవాలని పట్టుబట్టింది. దాన్ని జపాన్‌లో జింబా ఇత్తాయ్ అంటారు. చక్రం దగ్గర పెరిగే ప్రతి కిలో ఆ పొందికని చెడగొడుతుంది.

అందుకే కంపెనీవాళ్లే 1994 మోడల్‌లో 1.8 లీటర్ల ఇంజనుతో పాటు ఇచ్చిన బ్రేకులు తెచ్చాం. ముందు డిస్కు 235 మిల్లీమీటర్ల నుంచి 255కి పెరుగుతుంది, వెనకది 231 నుంచి 251కి. పాత కాలిపర్లే సరిపోతాయి. బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు మారిస్తే చాలు. ప్యాడ్ ఇరుసుకి పది మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది, అంతే. తలుపుని బందు దగ్గర ఆపడం కంటే అంచు దగ్గర ఆపడం తేలిక కదా, అదీ ఇందులోని సంగతి. పైగా ఇనుము కొద్దిగానే పెరిగినా, వేడిని మోసే శక్తీ పెరిగింది. ముందువి మాత్రమే మారిస్తే వెనక చక్రాలు తమ వంతు పని చెయ్యవు. నాలుగూ మార్చాలి.

ఇలా దగ్గరికి రండి. కుడి ముందు కాలిపర్ ఇప్పుడే ఊడింది. ప్యాడ్లు రెండూ చూడండి. బయటిది వేలు మందాన ఉంది, లోపలిది గోరంత మిగిలింది. కాలిపర్ జరగడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. ట్రాక్ మీద అంత వేడెక్కడానికి ఇదీ ఒక కారణమే. అన్న ఉప్పుకాగితంతో పిన్నుని తుడిచి తుడిచి, బ్రేకు గ్రీజు సన్నగా రాసి, రబ్బరు తొడుగులో దింపి రెండు వేళ్లతో ముందుకీ వెనక్కీ ఆడించాడు. వెన్నలో చెంచాలా జారింది. కొత్త డిస్కు ఇచ్చే లాభంలో సగం ఈ పిన్ను దగ్గరే ఉందని నా నమ్మకం.

వెనక కాలిపర్ల పిస్టన్‌ని బలవంతంగా నొక్కకూడదు. 14 నంబరు బోల్టు ఒకటి విప్పితే లోపల చిన్న స్క్రూ కనిపిస్తుంది. దాన్ని 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిప్పితే పిస్టన్ తనంతట తానే వెనక్కి వెళుతుంది.

మధ్యాహ్నం రెండయింది. ఇక బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయాలి. నేను సీట్లో, అన్న వెనక కుడి చక్రం దగ్గర, చేతిలో పారదర్శకమైన గొట్టం, సీసా.

"తొక్కు... పట్టుకో... ఆ, వదులు."

గొట్టంలో ముందు టీ డికాక్షన్ రంగు ఆయిల్, మధ్యలో బుడగలు. ఆ తర్వాత కొత్త నువ్వుల నూనె రంగు. "పట్టుకో" అన్నప్పుడు కాలు ఎత్తితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, అందుకే ఊపిరి బిగబట్టి తొక్కుతున్నాను. వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఒక్కో చక్రం అయ్యేకొద్దీ పెడల్ పైకొస్తోంది. చివరికి అరిపాదం కింద రాయిలా ఆగింది. అన్న అప్పుడుగానీ నవ్వలేదు.

ఆదివారం తెల్లారి, కొత్త ప్యాడ్లు డిస్కులతో కుదురుకునేలా, జనం లేని రోడ్డు మీద వేగం 70 నుంచి 15కి తగ్గించాం, పూర్తిగా ఆపకుండా, ఎనిమిదిసార్లు. కాలిన ప్యాడ్ వాసన వచ్చింది, తర్వాత పోయింది. డిస్కు మీద బూడిదరంగు పొర సమంగా పరుచుకుంది.

డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155కి పడిపోతుంది. మీది ట్రాక్ మీదికి వెళ్లే బండి కాకపోవచ్చు. అయినా బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఈ వారమే మార్పించండి.