ఖియార్, ఖీరా, జాట్జికి: ఒక కటోరా తారీఖ్



మొన్న పండక్కి అమలాపురంలో మా ఖాలా ఇంటికి వెళ్లాను. ఖాలా మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది. ఫోన్‌లో చూసి ‘గ్రీక్ సాస్’ చేసింది. కీరా తురిమి, వెల్లుల్లి దంచి, పెరుగులో కలిపి కటోరాలో తెచ్చి మా ముందు పెట్టింది. పేరు జాట్జికి అట.

ఖాలా ఒక చెంచా నోట్లో వేసుకుని నవ్వేసింది. “ఇదేం గ్రీకే! ఇది ఖియార్ బి లబన్. కువైట్‌లో ఐదేళ్లు చేశాను. నువ్వు నీళ్లు పిండలేదు, అందుకే జారిపోతోంది.”

“కాదు నానీ, గ్రీసు దేశానిదే, రాసుంది చూడు” అంది పిల్ల.

ఇద్దరి మాటా అబద్ధం కాదు. గ్రీకు వాళ్ల ఈ లఫ్జ్ తుర్కీ నుంచి వచ్చింది. తుర్కులు దీన్ని ‘జాజిక్’ అంటారు. గ్రీకు లిపిలో ‘జ’ ధ్వనికి విడిగా అక్షరం లేదు, తావ్, జీటా అనే రెండు అక్షరాలు కలిపి రాస్తారు. అలా జాజిక్ కాస్తా జాట్జికి అయింది. 1453లో కుస్తున్‌తునియా ఉస్మానీల చేతికొచ్చింది, కొద్ది ఏళ్లకే ఏథెన్స్ కూడా. 1821లో గ్రీకులు తిరగబడేదాకా ఒకే సల్తనత్ కింద బతికారు. అన్నేళ్లు పక్కపక్కన పొయ్యిలు వెలిగించుకున్నాక ఏ గిన్నె ఎవరిదని ఎవరు తేలుస్తారు?

ఇరాన్ వాళ్లు దీన్నే ‘మాస్త్ ఓ ఖియార్’ అంటారు. మాస్త్ అంటే పెరుగు. పెరుగులో వెల్లుల్లి కూడా కొత్త కాదు. 1226లో ముహమ్మద్ అల్ బగ్దాదీ రాసిన వంటల కితాబులో వంకాయను పెరుగు, వెల్లుల్లితో కలిపే ‘బూరాన్’ ఉంది. ఖలీఫా మామూన్ బేగం బూరాన్ పేరు మీద వచ్చిన వంట అంటారు. దోసజాతి కాయల మాటకొస్తే, మన రసూల్ (స) ఖర్జూరంతో కక్డీ తినేవారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఖాలాకు ఆ రివాయత్ కంఠతా వచ్చు.

కానీ నన్ను పట్టుకున్న కిస్సా 1923ది. ఆ ఏడాది జనవరి 30న లొజాన్‌లో గ్రీసు, తుర్కీ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తుర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముసల్మానులు తుర్కీకి వెళ్లిపోవాలి. ఇస్తాంబుల్, పశ్చిమ థ్రేస్ లాంటి ఒకటి రెండు చోట్లకే మినహాయింపు. అంతకుముందే యుద్ధంలో పారిపోయిన వాళ్లతో కలిపి సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు అటు, 4 లక్షల దాకా ముసల్మానులు ఇటు. ఎవరు ఎటన్నది మజ్‌హబ్‌ను బట్టి తేల్చారు, జబాన్‌ను ఎవరూ అడగలేదు. తుర్కీ తప్ప వేరే మాట రాని క్రైస్తవులు గ్రీసులో దిగారు. క్రీట్ దీవి ముసల్మానుల ఇళ్లలో మాట్లాడేది గ్రీకే. వాళ్లు తుర్కీలో ఐవాలిక్ లాంటి ఊళ్లకు చేరితే, అక్కడి వాళ్లు ‘సగం కాఫిర్లు’ అన్నారు.

తెలుగులో కలలు కనే ముసల్మానుగా ఇది చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. “మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చండీ?” అని నన్ను అడిగిన వాళ్లంతా గుర్తొచ్చారు.

ఖాలా సఫర్ కూడా ఇలాంటిదే. రాజోలు, అమలాపురం వైపు నుంచి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఖాలా పనిచేసింది కువైట్‌లో ఒక ఫలస్తీనీ కుటుంబంలో. పెరుగును ‘లబన్’ అనేది వాళ్లే. ఆ ఇంటావిడను ‘మామా’ అని పిలిచేది. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజులు దిగాయి. ఖాలా బస్సుల్లో బగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో బొంబాయిలో దిగింది. ఆ రోజుల్లో అలా లక్షన్నరకు పైగా హిందుస్తానీలు వచ్చారు. బయల్దేరేటప్పుడు మామా ఖుబ్జ్‌లో జైతూన్ నూనె రాసి చుట్టి ఇచ్చిందట. యుద్ధం అయ్యాక కువైట్‌లోని ఫలస్తీనీలూ ఆ ముల్క్‌ను వదలాల్సి వచ్చింది. దాదాపు 4 లక్షల మంది ఉండేవాళ్లు, కొద్దిమందే మిగిలారు. ఆ కుటుంబం ఎటు పోయిందో ఖాలాకు తెలీదు. గాజా వార్తలు వస్తే మాత్రం టీవీ దగ్గరికి జరిగి కూర్చుంటుంది.

తరకీబ్ అడిగితే ఖాలా చేసే చూపించింది. ముంతలో తోడేసిన గేదె పెరుగు కావాలి. మట్టి కొంత నీరు పీల్చేస్తుంది కాబట్టి అది ముందే గట్టిగా ఉంటుంది. అయినా పల్చటి గుడ్డలో మూటగట్టి మూడు గంటలు వేలాడదీయాలి. పప్పులో వేసే పచ్చ దోసకాయ పనికిరాదు, కీరానే. తురిమి, ఉప్పు రాసి పావుగంట ఉంచి పిడికిలితో పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే అంతా మజ్జిగే. అర కిలో పెరుగుకు రెండు వెల్లుల్లి రెబ్బలు చాలు. గ్రీకులు సోయా ఆకు వేస్తారు, ఖాలా ఎండు పుదీనా నలిపి వేసింది. పైన జైతూన్ నూనె. మన పెరుగు పచ్చడికిలా బఘార్ వద్దంది. పిండిన నీళ్లు పారబోయనివ్వలేదు, సాలన్‌లో పోసింది.

దస్తర్‌ఖాన్ పరిచాక పిల్ల మళ్లీ అడిగింది. “మరి పేరేం రాయను నానీ? స్టేటస్ పెట్టాలి.”

ఖాలా రొట్టె ముక్క ముంచి తింటూ, “మామా పేరు రాయి” అంది. పిల్ల ఫోన్ పట్టుకుని ఆ పేరు ఇంగ్లిషులో ఎలా రాయాలో అడిగి, అక్షరం అక్షరం కొట్టింది.