తెర మీద గొడ్డలి, చెరువు మెట్ల మీద బిందె

ఈరోజు టాపిక్, ఆడవాళ్ళు పగ తీర్చుకునే సినిమాలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ముందుగా చెప్పే పేరు ‘ప్రతిఘటన’. 1985లో వచ్చింది. దర్శకుడు టి. కృష్ణ, అంటే మన హీరో గోపీచంద్ వాళ్ళ నాన్నగారు.

చూడనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తా. ఝాన్సీ కాలేజీ లెక్చరర్. విజయశాంతి వేసింది ఆ పాత్ర. కాళి అనే రౌడీ పట్టపగలు ఒక పోలీసు అధికారిని చంపుతాడు. చూసినవాళ్ళు చాలామందే, కానీ సాక్ష్యం చెప్తానని ముందుకొచ్చింది ఝాన్సీ ఒక్కతే. అందుకు ఆమెను వీధిలో, అందరూ చూస్తుండగా వివస్త్రను చేస్తాడు. చివర్లో, నాయకుడిగా ఎదిగిన ఆ కాళిని జనం మధ్యలోనే ఆమె గొడ్డలితో నరుకుతుంది.

అప్పట్లో ఇలాంటి కథలకి అంత ఊపు ఎందుకొచ్చింది? 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒకామెపై అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. తప్పు పోలీసులదేనని విచారణ కమిషన్ చెప్పింది. కేసు రాయచూరు కోర్టుకి వెళ్ళాక అందరూ బయటపడ్డారు. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు కూడా ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. ఆడవాళ్ళు రోడ్లెక్కి పోరాడితే 1983లో అత్యాచార చట్టం మారింది. కోర్టు చెయ్యని పని తెర మీద జరుగుతుంటే జనం చప్పట్లు కొట్టరా మరి?

ఇప్పుడు అదే 1985లో తెర బయట ఏం జరిగిందో చూద్దాం. మా పిట్టలవానిపాలెం నుంచి బాపట్ల, చీరాల దాటితే కారంచేడు వస్తుంది. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి మా బాపట్ల జిల్లానే. జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర, పెత్తందారీ కులం యువకులు గేదెల కుడితి బాల్చీ కడిగి మురికి నీళ్ళలో కలుపుతున్నారు. ఒక కుర్రాడు వద్దంటే అతన్ని కొట్టబోయారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. ఆమె మీదకీ చెర్నాకోల లేచింది. తనను తాను కాపాడుకోడానికి చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. చంపలేదు, నరకలేదు.

ఒక మాదిగ ఆడమనిషి మా మీద బిందె ఎత్తుతుందా అని మర్నాడు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లలపై అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మని తర్వాత చంపేశారు. ఝాన్సీలాగే ఆవిడ చేసిందీ ఒక్కటే, చూసింది చూసినట్టు చెప్పడం.

ఆ సినిమా కారంచేడు గురించి తీసింది కాదు, కాలం మాత్రమే ఒకటి. కానీ రెండూ పక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. సినిమాలో గొడ్డలి ఎత్తిన మనిషికి చప్పట్లు పడ్డాయి. ఊళ్ళో బిందె ఎత్తిన మనిషి వల్ల పల్లె మొత్తం శిక్ష అనుభవించింది. తెర మీద కాళి ఒక్కడు చస్తే కథ అయిపోతుంది. ఊళ్ళో కాళి ఒక్కడు కాదు కదా! భూమి, కులం, పలుకుబడి అన్నీ వాడి వెనకే ఉంటాయి.

మరి కారంచేడు వాళ్ళు ఏం చేశారు? చీరాల శిబిరంలో నిలబడ్డారు. దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి ఈ పోరాటం ఒక ముఖ్య కారణం. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ళ జైలు వేసింది. 23 ఏళ్ళు పట్టింది. రెండున్నర గంటల్లో తేలే కథ కాదిది.

తర్వాత సినిమాల్లో గొడ్డలి పోయి తుపాకీ వచ్చింది. 2019లో దిశ కేసు నిందితులు నలుగురినీ ఎన్‌కౌంటర్ చేస్తే మనం పోలీసుల మీద పూలు చల్లాం. కావాలనే చంపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. నల్లకుంట స్టేషన్ గుర్తుందిగా? విచారణ లేకుండా చంపే హక్కు పోలీసులకిస్తే, అది రేపు ఎవరి మీదకైనా తిరుగుతుంది.

‘ప్రతిఘటన’ చూడొద్దని నేను అనను. తప్పకుండా చూడండి. కాకపోతే ఈసారి క్లైమాక్స్ కన్నా ముందు, ఆమెను వీధిలోకి లాగినప్పుడు చుట్టూ నిలబడ్డ జనాన్ని చూడండి. అప్పుడే పదిమంది ఆమె పక్కన నిలబడి ఉంటే గొడ్డలి అవసరమే రాదు. మీ కాలేజీలో, మీ బస్సులో ఒకమ్మాయి నోరు తెరిచి చెప్పిన రోజున రెండో సాక్షిగా మీరుంటారా? కామెంట్‌లో కాదు, అక్కడ చెప్పండి.