బిలాము దీవెనలు

బైబిలు పాత నిబంధనలో సంఖ్యాకాండము 22–24 అధ్యాయాల వృత్తాంతం. దేవుని సర్వాధికారాన్నీ, ఆయన దీవెనకు తిరుగులేదన్న విశ్వాసాన్నీ ఇంత సూటిగా కథలో చూపిన భాగం పంచకాండాల్లో మరొకటి లేదనే చెప్పాలి. ఇక్కడ దీవించినవాడు ఇశ్రాయేలీయుడు కూడా కాడు. శపించడానికి కిరాయికి వచ్చినవాడు!

ఐగుప్తు నుంచి వచ్చిన ఇశ్రాయేలీయులు యెరికోకు ఎదురుగా మోయాబు మైదానాల్లో దిగారు. వారి సంఖ్య చూసి హడలిపోయిన మోయాబు రాజు బాలాకు, బెయోరు కుమారుడైన బిలాము దగ్గరికి సోదె సొమ్ముతో పెద్దలను పంపాడు. బిలాము ఊరు పెతోరు. అష్షూరు శాసనాల్లో కనిపించే, యూఫ్రటీసు తీరపు పిత్రు పట్టణం ఇదేనని ఎక్కువమంది అభిప్రాయం. కొన్ని ప్రాచీన పాఠాలు మాత్రం అతణ్ణి అమ్మోను దేశస్థుడిగా చూపుతాయి. గాడిదపై ప్రయాణానికి ఆ దగ్గరి దారే నప్పుతుంది.

వెళ్లమని అనుమతించిన దేవుడే, అతడు బయలుదేరగానే ఎందుకు కోపించాడన్నది పాత చిక్కు. రెండు వేర్వేరు కథనాలు కలిశాయని విమర్శకులు అంటే, బిలాము ధనాశే కారణమని సంప్రదాయ వ్యాఖ్యాతలు అంటారు. ఏమైనా దారిలో కత్తి దూసి నిలిచిన దూతను ముందుగా చూసింది గాడిదే. మొదట పొలంలోకి తప్పుకుంది. ద్రాక్షతోటల సందులో గోడకు ఒరిగి యజమాని కాలు నలిపింది. చివరికి ఇరుకు చోట కూలబడింది. మూడుసార్లూ దెబ్బలు తింది. పేరుమోసిన దీర్ఘదర్శికి మాత్రం ఏమీ కనిపించలేదు.

చివరికి బిలాము బాలాకు దగ్గరికి చేరాడు. శపించమని బాలాకు పట్టు వదల్లేదు. మూడు చోట్ల ఏడేసి బలిపీఠాలు కట్టించి, ఒక్కో పీఠం మీద ఒక కోడెనూ ఒక పొట్టేలునూ అర్పించారు. అంటే మొత్తం 42 పశువులు. ప్రజల్లో ఒక కొస మాత్రమే కనిపించే చోటికి మారితే శాపం పారుతుందని కూడా రాజు ఆశపడ్డాడు. ప్రతిసారీ దీవెనే వచ్చింది. మనుషుల్లా దేవుడు మాట తప్పడనీ, ఆయన దీవించాక దాన్ని మార్చడం తన వల్ల కాదనీ రెండో పలుకులో (23:19–20) బిలామే తేల్చేశాడు. ఆ తర్వాతి నాలుగో పలుకులో యాకోబులో ఉదయిస్తుందన్న నక్షత్రాన్ని (24:17) క్రైస్తవులు క్రీస్తుకు అన్వయిస్తారు. క్రీ.శ. 132–135 నాటి యూదుల తిరుగుబాటు నాయకుడికి రబ్బీ అకీవా దాన్నే అన్వయించాడని యూదు సంప్రదాయం చెబుతుంది.

1967లో జోర్డాన్ లోయలోని దేర్ అల్లాలో హెంక్ ఫ్రాంకెన్ నాయకత్వంలోని డచ్ బృందానికి సున్నపు పూత పెచ్చులపై నల్ల, ఎర్ర సిరాలతో రాసిన పాఠం దొరికింది. సుమారు క్రీ.పూ. 800 నాటిదంటారు, భాష అరామికా, కనాను మాండలికమా అన్నది తేలలేదు. అందులో బెయోరు కుమారుడు బిలాము దగ్గరికి రాత్రివేళ దేవతలు వస్తారు. తెల్లవారి అతడు ఉపవాసముండి ఏడుస్తాడు. దొరికిన మేరకు యెహోవా పేరు లేదు. మోషే కాలపు ఘటనలకు ఇది రుజువు కాదు గానీ, ఇశ్రాయేలు వెలుపల కూడా బిలాముకు పేరుండేదని దీనివల్ల తెలుస్తోంది. అంతటి అన్యదేశపు దీర్ఘదర్శి నాలుకనే యెహోవా ఆజ్ఞకు లోబడినట్టు చూపడంలో కథ బలమంతా ఉంది.

తర్వాతి రచనలు అతణ్ణి మన్నించలేదు. పెయోరు దగ్గర ఇశ్రాయేలీయులు చేసిన పాపానికి అతని సలహాయే కారణమని సంఖ్యాకాండము 31:16 అంటుంది. 2 పేతురు, యూదా పత్రికలు అతణ్ణి లాభాపేక్షకు ఉదాహరణగా చూపాయి. మిద్యానీయులతో యుద్ధంలో అతడు హతమయ్యాడు (31:8). శాపాన్ని దీవెనగా మార్చిన ఘనతను ద్వితీయోపదేశకాండము 23:5, నెహెమ్యా 13:2 దేవునికే ఇస్తాయి.