ఓర్వకల్లు విమానాశ్రయం

ఓర్వకల్లు విమానాశ్రయం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని కర్నూలు జిల్లా, ఓర్వకల్లు మండలములో ఉన్న విమానాశ్రయం. ఇది కర్నూలు నుండి నంద్యాల వెళ్ళు 40వ నంబరు జాతీయ రహదారి సమీపాన కలదు. దీని అధికారిక నామం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం. కర్నూలు విమానాశ్రయం అని కూడా వ్యవహరిస్తారు. రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఈ ఒక్క అంకె వలన, ఇక్కడికి ఏ విమాన సంస్థ రాగలదన్నది ఆ సంస్థ వద్ద ఏ రకం విమానాలు ఉన్నవన్న దానిపై ఆధారపడి ఉన్నది.

చరిత్ర

ఈ విమానాశ్రయానికి 2017 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ప్రారంభించిననూ, పౌర విమానయాన సంచాలక కార్యాలయం (డీజీసీఏ) అనుమతి 2021 జనవరిలో మాత్రమే లభించినది. 2021 మార్చి 25న ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి దీనిని జాతికి అంకితం చేసి, 1846-47లో ఈస్టిండియా కంపెనీపై తిరుగుబాటు చేసి కోయిలకుంట్లలో ఉరితీయబడిన నరసింహారెడ్డి పేరు పెట్టారు. మార్చి 28న ఇండిగో సంస్థ బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు సర్వీసులు మొదలుపెట్టినది.

విమానాల రకం, రన్‌వే

ఓర్వకల్లుకు ఇండిగో తెచ్చినది ఏటీఆర్ 72-600 రకం. ఇది పంఖాలతో నడిచే విమానం, 78 సీట్లు. సుమారు 1,300 మీటర్ల రన్‌వే ఉంటే చాలు, నిండు బరువుతో లేవగలదు. చౌక ధరల సంస్థలు ఎక్కువగా వాడే ఎయిర్‌బస్ ఏ320 మధ్యలో ఒకే నడవ ఉన్న జెట్ విమానం. దానిలో సుమారు 180 సీట్లు ఉంటాయి. నిండు బరువుతో లేవడానికి దానికి 2,000 మీటర్లకు మించి కావాలి. ఎండ 40 డిగ్రీలు దాటినపుడు గాలి పలుచబడి ఈ దూరం ఇంకా పెరుగుతుంది. కర్నూలు వేసవిలో ఇది అరుదైన సంగతి కాదు. తక్కువ ఇంధనంతోనో, కొన్ని సీట్లు ఖాళీగానో జెట్‌ను నడపవచ్చును. కాని సీటుకు పడే ఖర్చు తగ్గించడమే చౌక సంస్థల వ్యాపారం కనుక ఖాళీ సీట్లు వాటికి గిట్టుబాటు కావు.

పాత జెట్‌ల వైపు మొగ్గు

కొత్త జెట్ విమానానికి ఆర్డరు ఇచ్చిన తరువాత ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. వేరే సంస్థ వాడి విడిచిన విమానం వెంటనే దొరుకుతుంది, అద్దె తక్కువ. అయితే ఇంధనం, మరమ్మతుల ఖర్చు ఎక్కువ. ఇండిగో 2014లో, ఏ320 నియో విమానాలు అందేలోపు, సింగపూరుకు చెందిన టైగర్ ఎయిర్ వాడిన 12 ఏ320 విమానాలను అద్దెకు తీసుకోవాలని నిర్ణయించినది. మొదటి నియో 2016 మార్చిలో వచ్చినది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల లోపం వలన 2023 తరువాత అనేక నియోలు నేలకు పరిమితమయినపుడు మళ్ళీ పాత ఏ320లనే ఆశ్రయించినది. అదే సంస్థ చిన్న ఊళ్ళ కొరకు 2017 డిసెంబరులో హైదరాబాదు నుండి ఏటీఆర్‌లు నడపడం ప్రారంభించి ఉండకపోతే, ఓర్వకల్లుకు 2021లో ఇండిగో వచ్చి ఉండేది కాదు.

తెలుగునాట పెద్ద విమానాలకు మారిన ప్రయత్నాలు ఇతరములు కూడా కలవు. 2003లో ఆరంభమైన ఎయిర్ దక్కన్ ఏటీఆర్‌లతో మొదలై ఏ320లకు విస్తరించి, చివరకు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయినది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో వచ్చిన ఎయిర్ కోస్టా 67 సీట్ల ఎంబ్రాయర్ ఇ-170 జెట్‌లతో మొదలై 112 సీట్ల ఇ-190లకు మారినది. 2014లో 50 కొత్త జెట్‌లకు ఆర్డరు కూడా ఇచ్చినది. 2017 ఫిబ్రవరి చివర దాని సర్వీసులు నిలిచిపోయినవి.

కడప అనుభవం

చిన్న విమానాలు ఉన్నంత మాత్రాన సంస్థ నిలబడుతుందని చెప్పలేము. కడపలో 2015 జూన్ 7న ఎయిర్ పెగాసస్ ఏటీఆర్ సర్వీసు మొదలై, విమానాల అద్దె వివాదంతో 2016 జూలైలో ఆగిపోయినది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద ట్రూజెట్ హైదరాబాదు - కడప సర్వీసు ప్రారంభించినది. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ కూడా మూతపడినది. మార్చి చివర ఇండిగో ఏటీఆర్‌లు అక్కడికి వచ్చినవి. రెండుసార్లు ఊరికి విమానం లేకుండా పోయినది, రెండుసార్లు కారణం ఊరిలో లేదు.

ఉడాన్ పథకం, తరువాత

ఓర్వకల్లు సర్వీసులు కూడా ఉడాన్ కింద వచ్చినవే. ఈ పథకంలో సగం వరకు సీట్లకు టిక్కెట్టు ధరపై పరిమితి ఉంటుంది, నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్ళపాటు భర్తీ చేస్తుంది. 2021లో మొదలైన మార్గాలకు ఆ గడువు 2024తో తీరినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు, కొప్పర్తిలలో పారిశ్రామిక నగరాలను ఆమోదించినది. 2025 జూలై 2న విజయవాడకు సర్వీసు మొదలైనది. అంతకు మునుపు కర్నూలు వాసులు రాజధాని ప్రాంతానికి వెళ్ళవలెనన్న రైలులోనో బస్సులోనో రాత్రంతా ప్రయాణించవలసి వచ్చేది, లేనిచో హైదరాబాదు వెళ్ళి అక్కడ విమానం ఎక్కేవారు.